షరతు తప్పినంతనే చెరసాలయా?

మన ఆలూరు తాలూకా 1953 అక్టోబరు 1న బళ్ళారి జిల్లాను వీడి ఆంధ్రరాష్ట్రమున చేరినది. నేరస్థుని చెరకంపక, ముచ్చలికపై విడిచి ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో నుంచు పద్ధతికి మదరాసు రాజధానిలో 1936లోనే చట్టము చేసిరి. 1958లో కేంద్ర చట్టము వెలసినది.

వానలు తప్పిన ఏట మన మెట్టసేద్యగాడు కూలికై దూరము పోవును. ఊరు విడువరాదను షరతుకు బద్ధుడైనవాడు అట్లు పోయినచో మాట తప్పినట్లే. అది దొంగతనము కాదు. అయినను చెరవాకిట నిలబెట్టగలదు.

9వ సెక్షను ప్రకారము న్యాయస్థానము విచారించి పాత నేరమునకు శిక్ష విధింపవచ్చును. తప్పు మొదటిదైనచో 50 రూపాయలకు మించని జరిమానాతో సరిపెట్టి ముచ్చలికను కొనసాగింపవచ్చును. అధికారి కోరినచో షరతులనే మార్చుటకు 8వ సెక్షను వీలిచ్చినది. కావున పయనమునకు ముందే ఆయనకు ఒక్కమాట చెప్పుట మేలని మనము గ్రహింపవలెను.