హోప్‌టౌన్ రేవున అస్తమయం

1941లో ఆర్సన్ వెల్స్ నిర్మించిన 'సిటిజన్ కేన్' చిత్రం ఒక ఐశ్వర్యవంతుని ఒంటరి మరణంతో ఆరంభమై, అతని జీవితానికి అర్థమేమిటని వెనుకకు వెదకుకొంటూ పోతుంది. అట్టి ఘట్టమొకటి మన దేశచరిత్రలోనూ ఉన్నది. దానికి రంగస్థలం అండమాను దీవులు.

రిచర్డ్ బూర్క్ 1822లో డబ్లిన్‌లో జన్మించినాడు. ముమ్మారు ఐర్లండు ముఖ్య కార్యదర్శియై, మేయో ప్రభువుగా 1869 జనవరిలో కలకత్తాలో వైస్రాయి పీఠం అధిష్ఠించినాడు. రాష్ట్రాలకు కొంత ఆర్థిక స్వాతంత్ర్యమిచ్చిన 1870 నాటి తీర్మానం అతని పాలనలోనిదే.

1858లో స్థాపితమైన ద్వీపాంతర శిక్షాస్థానాన్ని చక్కదిద్దవలెనని అతనికి పట్టుదల. 1872 ఫిబ్రవరి 8న పోర్ట్ బ్లెయిర్ చేరి, రాస్, వైపర్, చాథం దీవులు చూచినాడు. పని ముగిసినా, సూర్యాస్తమయం చూడవలెనన్న కోరికతో సుమారు 1,200 అడుగుల హారియట్ కొండ ఎక్కినాడు. దిగి వచ్చేసరికి చీకటి పడింది. హోప్‌టౌన్ రేవున దివిటీల వెలుగులో, పరివారాన్ని వెనుక విడిచి, పడవ వైపు నాలుగడుగులు ముందుకు వేసినాడు. అంత బందోబస్తు ఉండీ, ఆ నాలుగడుగుల మేర అతడు ఒంటరి. చీకటిలోనుండి ఒక ఖైదీ మీదికి దూకి వెన్నున రెండు పోట్లు పొడిచినాడు. లోతులేని నీటిలో పడిన వైస్రాయి లేచి నిలిచినాడు గాని, ఓడ చేరకముందే పడవలో ప్రాణం విడిచినాడు.

పొడిచినవాడు షేర్ అలీ, ఆఫ్రిదీ తెగవాడు, ఒకప్పుడు పెషావరులో ఆంగ్లేయాధికారి కొలువులో సవారు. వంశవైరం కారణంగా చేసిన హత్యకు 1867లో మరణశిక్ష పడి, అది యావజ్జీవ ద్వీపాంతరవాసంగా మారింది. పగవానిని చంపడం అతని దృష్టిలో నేరమే కాదు. సత్ప్రవర్తన వల్ల దీవిలో క్షురకవృత్తి చేసుకొనుటకు అనుమతి లభించింది. వైస్రాయి మరణించిన నెల దాటిన పిమ్మట, మార్చి 11న, వైపర్ దీవిలో అతనిని ఉరితీసినారు.

మేయో జీవితచరిత్రను 1875లో ప్రకటించిన హంటర్, హంతకుని పేరుగాని, ఊరుగాని, తెగగాని తన గ్రంథంలో ఎక్కనీయనని బుద్ధిపూర్వకంగా నిశ్చయించినాడు. చరిత్రకారునికి అది తగని పని. హంతకుని పేరు తుడిచివేసిన కథలో హతుడూ సగమే కనిపిస్తాడు. అంత అధికారం ఎవరి మీద, ఎట్లు చెల్లినదో తెలియరాదు. పిమ్మట కొందరు షేర్ అలీని వీరునిగా కీర్తించినారు. ఆ కీర్తనలోనూ అతని మాట వినబడేది తక్కువే.

కలకత్తాలో కొలువు ఎక్కువ దినాలు ఖాళీగా ఉండలేదు. మద్రాసు గవర్నరు నేపియర్ వెళ్ళి మే వరకు ఆ స్థానం నిర్వహించినాడు. మేయో భౌతికకాయాన్ని ఐర్లండుకు చేర్చినారు. అతడు కడపటి పొద్దు చూచిన కొండకు, 1891 యుద్ధానంతరం అక్కడ బంధింపబడిన మణిపూరు వీరుల జ్ఞాపకార్థం, 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టినారు.