ఎల్‌.ఎఫ్‌.ఎల్‌. కుర్చీ: ప్రాథమిక పాఠశాలల్లో మహిళా నాయకత్వం

ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుల పోస్టును మన దగ్గర ఎల్‌.ఎఫ్‌.ఎల్‌. హెడ్మాస్టర్ పోస్టు అంటారు. లో ఫిమేల్ లిటరసీ, అనగా స్త్రీల అక్షరాస్యత తక్కువగా ఉన్న ప్రాంతాల కోసం ఏర్పడిన పోస్టు కనుక ఆ పేరు వచ్చింది. పూర్వం వరంగల్ జిల్లాలో ఉండి, 2016లో మహబూబాబాద్ జిల్లాలో చేరిన తొర్రూరు వంటి చోట్ల ఆ బాధ్యతలో మహిళలు కనిపించడం ఇప్పుడు వింత కాదు. కాని ఆ స్థితికి రావడానికి చాలాకాలం పట్టింది.

నిజాం రాజ్యంలో పై చదువుల భాష ఉర్దూ. 1928లో మాడపాటి హనుమంతరావు హైదరాబాదులో తెలుగు బాలికల పాఠశాల నెలకొల్పినా, అది నగరానికే పరిమితం. ఊళ్లో చదువుకున్న స్త్రీయే లేనప్పుడు పంతులమ్మ ఎక్కడి నుంచి వస్తుంది? 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం ఏకోపాధ్యాయ పాఠశాలలకు రెండో టీచరును, వీలైనంతవరకు మహిళను, ఇవ్వాలన్నది. విద్యార్థులు ఇక్కడొక మాట గమనించాలి: ఆమె వచ్చింది రెండో టీచరుగా. సీనియారిటీ పెరిగాకే బడి బాధ్యత ఆమె చేతికొచ్చింది.

అది కూడా చాలాచోట్ల పోస్టు కాదు, అదనపు పని మాత్రమే. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 150 మందికి మించి పిల్లలుంటేనే ప్రత్యేకంగా ప్రధానోపాధ్యాయులు ఉంటారు. 60 మంది వరకు ఇద్దరే టీచర్లు. కనుక చిన్న ఊళ్లలో సీనియర్ ఎస్‌.జి.టి.యే పాఠాలు చెబుతూ హెచ్‌.ఎం. పని చూస్తుంది. తోటి టీచరుది అదే హోదా. ఆజ్ఞాపిస్తే చెల్లదు.

నిరంకుశ, ప్రజాస్వామిక, స్వేచ్ఛాయుత శైలులని మనం చదివే వర్గీకరణకు మూలం 1939లో లెవిన్, లిపిట్, వైట్ ప్రచురించిన ప్రయోగం. అమెరికాలో పదేళ్ల మగపిల్లల క్లబ్బులపై జరిగిన ఆ పరిశీలన మన పంతులమ్మకు ఎంతవరకు సరిపోతుంది? పత్తి ఏరే రోజుల్లో బడికి రాని పిల్ల కోసం ఆమె ఇంటికి వెళ్లి తల్లితో మాట్లాడుతుంది. మధ్యాహ్న భోజనం బిల్లు ఆలస్యమైతే వంట చేసే మహిళలకు నచ్చజెప్పి పొయ్యి ఆరకుండా చూస్తుంది. దీనిని 'మాతృత్వ శైలి' అని మెచ్చుకోవడం నాకు సమ్మతం కాదు. అధికారం ఇవ్వకుండా బాధ్యత మోపినప్పుడు నచ్చజెప్పడం తప్ప చేతిలో మరేముంటుంది? ఆ స్థితిలో పురుషుడున్నా అదే చేయాలి.

2024లో తెలంగాణ ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను ఏర్పరచింది. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు కమిటీకి అధ్యక్షురాలు, హెచ్‌.ఎం. కన్వీనరు. ఇప్పుడు తాగునీరు, మరుగుదొడ్ల మరమ్మతు లెక్కలను ఆమె మరో మహిళ ముందు పెట్టాలి. ఆ ఎదుటి మహిళ, బహుశా, ఎల్‌.ఎఫ్‌.ఎల్‌. అని లెక్కకెక్కిన తరానికి చెందినదే.