స్నాబ్ అంటే ఒకప్పుడు బూట్లు కుట్టేవాడు



నాలుగు డబ్బులు చూశాక మనతో అంటీముట్టనట్టు మాట్లాడేవాణ్ణి ఏమంటాం? టెక్కు అంటాం, బడాయి అంటాం. ఇంగ్లీషులో అలాంటోణ్ణి 'స్నాబ్' అంటారు. ఈ మాట ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో మనలాంటి పనిచేసుకునేవాళ్లు తెలుసుకోవాలి.

1780ల్లో ఇంగ్లండులో స్నాబ్ అంటే బూట్లు కుట్టేవాడు, లేదా అతని దగ్గర పని నేర్చుకునే కుర్రాడు. అంతే. అది పనిని బట్టి వచ్చిన పేరు.

తర్వాత కేంబ్రిడ్జి యూనివర్సిటీ కుర్రాళ్లు ఈ మాట పట్టుకుని, చదువుకి సంబంధం లేని ఊరోళ్లందరినీ స్నాబ్‌లు అనడం మొదలుపెట్టారు. కాలికి బూటు కావాలంటే మళ్లీ ఆ ఊరోళ్ల దగ్గరికే పోవాలి, అది వేరే సంగతి! అలా పని పేరు కాస్తా తక్కువవాడు, మోటువాడు అనే తిట్టయింది.

దాన్ని తిరగేసినాయన థాకరే. 1811లో మన కలకత్తాలోనే పుట్టాడు. తండ్రి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. 1846, 47ల్లో 'పంచ్' అనే వారపత్రికలో స్నాబ్‌ల మీద వరసగా రాశాడు, 1848లో అది పుస్తకమైంది. లేని గొప్పలు పోయేవాడు, పెద్దోళ్ల వెనక తిరిగేవాడు స్నాబ్ అన్నాడు. వాడు ఎంత పెద్ద ఇంట్లో పుట్టినా సరే! పెద్దోళ్ల పక్కన నిలబడాలనుకునేవాడు ముందు తనోళ్లనే దూరం పెడతాడు కదా. అందుకే రానురాను, ఎదుటోణ్ణి చిన్నచూపు చూసేవాడనే అర్థం స్థిరపడింది.

లాటిన్‌లో 'గొప్ప పుట్టుక లేనివాడు' అనే మాటను పొట్టిగా రాస్తే స్నాబ్ వచ్చిందని కొందరు చెప్తారు. నమ్మకండి. నిఘంటువులు రాసే పండితులు ఆ కథను ఒప్పుకోరు.

ఇంకో మాట చూడండి. మన సినిమాల్లో విలన్ ఉంటాడే, ఆ మాట కూడా అలాంటిదే. వెనకటికి యూరప్‌లో దొరల భూముల్లో దున్నుకు బతికే రైతుకి ఉన్న పేరు అది. రైతు పేరే దుర్మార్గుడి పేరయింది! మన భాషలో మాత్రం తక్కువా? 'పల్లెటూరి బైతు' అని ఎన్నిసార్లు వినలేదు?

స్నాబ్ అనే తిట్టు తిరిగొచ్చి చిన్నచూపు చూసేవాళ్లకే తగులుకుంది. విలన్ అనే మాట ఇంకా తిరగలేదు. మన పిల్లలు టౌనులో చదివొచ్చి ఎవరినైనా 'బైతు' అంటే ఊరుకోకండి, కూర్చోబెట్టి ఈ కథ చెప్పండి.

మీ ఊళ్లో టెక్కుకి ఏ మాట వాడతారో కింద రాయండి.