దసరా బంతికి నారు ఎప్పుడు పోసుకోవాలి?

బంతిలో ఒక తడి ఆలస్యమైనా, ఎరువు కాస్త తగ్గినా పంట ఎంతో కొంత చేతికి వస్తుంది. విత్తనం పోసే రోజు తప్పితే మాత్రం తోట విరగబూసినా డబ్బులు రావు. దసరా ముందు రోజు గుడిమల్కాపూర్ మార్కెట్లో ఎగబడి కొన్న పువ్వు, పండగ దాటిన మూడో రోజున కోత కూలి కూడా గిట్టని ధరకు పడిపోవడం పూల రైతులకు కొత్త కాదు. అందుకని రకం, ఎరువు కంటే ముందు రోజుల లెక్క చూసుకోండి.

పండగ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

చాలామంది ఏటా ఒకే తేదీన నారు పోస్తుంటారు. కానీ దసరా ఒకే తేదీకి రాదు. 2024లో అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠ మాసం ఉన్నందువల్ల అక్టోబరు 20న పడుతుంది. రెండేళ్ల మధ్య 18 రోజుల తేడా. బంతికి ఇది చాలా పెద్ద తేడా.

ఇప్పుడు సాగులో ఉన్న హైబ్రిడ్ ముద్దబంతి రకాలు చాలావరకు నారు దశలో 25 రోజులు, నాటాక 40-45 రోజులు తీసుకుని తొలి పూలు ఇస్తాయి. అంటే విత్తిన 65-70 రోజులకు మొదటి కోత. తోట నిండుగా పూయడానికి ఇంకో పది, పదిహేను రోజులు పడుతుంది. కాబట్టి పండగకు సుమారు 80 రోజుల ముందు విత్తుకోవాలి. దసరా అక్టోబరు 20న అయితే ఆగస్టు 1 ప్రాంతంలో నారు పోయాలి. అప్పుడు తొలి కోత బతుకమ్మ మొదలయ్యే రోజులకు అందుతుంది, దసరాకు తోట నిండు పూత మీద ఉంటుంది. దసరా తర్వాత 20 రోజులకు దీపావళి, ఆ వెంటనే కార్తీకం. చెట్టును బాగా చూసుకుంటే ఆ పూలూ ఇదే తోటలో వస్తాయి.

విత్తనం మొత్తం ఒకే రోజు పోయకండి. సగం ముందు, మిగతా సగం పది రోజుల తర్వాత పోసుకుంటే వానకు ఒక మడి దెబ్బతిన్నా రెండోది నిలుస్తుంది. అర ఎకరం రైతుకైనా ఇదే మాట.

అన్ని రకాలకూ ఈ 80 రోజుల లెక్క పనికిరాదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన పూసా నారింగి గైందా, పూసా బసంతి గైందా రకాలు మంచివే గానీ, విత్తాక పూతకు రావడానికి నాలుగు నెలలు దాటుతుంది. ఈ రకాలు ఆగస్టులో పోసి దసరా కోసం ఎదురుచూస్తే నిరాశే. ప్యాకెట్ మీద పూతకు ఎన్ని రోజులో చదివాకే కొనండి. ‘పాట్ మారిగోల్డ్’ లేదా కాలెండ్యులా అని రాసి ఉంటే అది మన బంతి కాదు. దాని గింజ కొక్కెంలా వంకర తిరిగి ఉంటుంది, మొక్క చలికాలంలోనే బాగా వస్తుంది. పెరట్లో అక్టోబరు, నవంబరులో చల్లుకోవడానికి చక్కని పువ్వే, మన దండల మార్కెట్‌కు మాత్రం పనికిరాదు.

గుమ్మం తోరణంలోని గింజలు విత్తనమవుతాయా?

ఎండిన దండను నలిపి పెరట్లో చల్లితే మొక్కలు మొలుస్తాయి. ఇంటి ముందు నాలుగు మొక్కలకు అది చాలు. పొలానికి మాత్రం వద్దు. మార్కెట్లో దొరికే పెద్ద ముద్దబంతి దాదాపు హైబ్రిడ్‌దే. దాని గింజ వేస్తే ఒక చెట్టుకు ముద్ద పువ్వు, పక్క చెట్టుకు రెక్క పువ్వు, ఇంకో దానికి వేరే రంగు వస్తాయి. ఒక చెట్టు ముందు పూస్తే ఇంకొకటి వెనక పూస్తుంది. అలాంటి పువ్వును వ్యాపారి కలగూరగంప కింద లెక్కకట్టి ధర తగ్గిస్తాడు.

ఏ విత్తనమైనా ఇంట్లో మొలక చూసుకునే పోయండి. నల్లగా, నిండుగా ఉన్న గింజలు వంద తీసి తడిగుడ్డలో చుట్టి నీడన పెట్టండి. గుడ్డ ఆరకుండా చూసి, వారం తర్వాత మొలిచినవి లెక్కపెట్టండి. 70 కంటే తక్కువ వస్తే విత్తనం మోతాదు పెంచాలి లేదా మార్చాలి. బంతి విత్తనం పాతబడేకొద్దీ మొలక శాతం పడిపోతుంది, కిందటేడు మిగిలిన ప్యాకెట్‌ను నమ్ముకోవద్దు. సొంత విత్తనంలో తాలు ఎక్కువ ఉంటుంది కనుక ఎకరాకు 600-800 గ్రాములు కావాలి. హైబ్రిడ్ అయితే మొక్కల లెక్కన కొనుక్కోవాలి. సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 45 సెంటీమీటర్లు పెడితే ఎకరాకు 15 వేల మొక్కలు పడతాయి. దీని మీద పదో వంతు అదనంగా పెంచుకోండి.

నారు

ఆగస్టు అంటే వానలు. నారు పోయేది ఎత్తుమడి మీదే. 15 సెంటీమీటర్ల ఎత్తు, మీటరు వెడల్పు ఉండేలా చేసి, చదరపు మీటరుకు 10 కిలోల మాగిన పశువుల ఎరువు కలపండి. గీతల్లో సెంటీమీటరు లోతున గింజ వేసి, జల్లించిన ఎరువుతో పలుచగా కప్పి, వరిగడ్డి పరచండి. మొలక 4-7 రోజుల్లో కనిపిస్తుంది. ఆ రోజే సాయంత్రం గడ్డి తీసేయాలి, ఆలస్యమైతే నారు సన్నగా సాగిపోతుంది. చీమలు బంతి గింజల్ని మోసుకుపోతాయి. మడి పక్కన పుట్టలుంటే ముందే తవ్వి చూసుకోండి.

నారుకుళ్లు ఈ దశలో పెద్ద శత్రువు. సాయంత్రం బాగున్న నారు తెల్లారేసరికి మొదలు మెత్తబడి పడిపోతుంది. ఒత్తుగా పోయడం, నీరు నిలవడం దీనికి కారణాలు. మడిలో ట్రైకోడెర్మా విరిడి కలిపిన పశువుల ఎరువు వేసుకోవడం మేలు. మచ్చ కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. హైబ్రిడ్ గింజ ఖరీదు కనుక 98 గుంతల ప్రోట్రేలో కొబ్బరి పొట్టు నింపి గుంతకు ఒక గింజ వేస్తే వృథా ఉండదు. నారు కొనేవాళ్లు కడియం వైపు నర్సరీలైనా, దగ్గరి నర్సరీలైనా రకం పేరు, విత్తిన తేదీ అడిగి తెలుసుకోవాలి. ముదురు నారు నాటితే మడిలోనే మొగ్గ తొడిగి పొట్టిగా ఉండిపోతుంది.

నాటాక

నాలుగైదు ఆకులున్న నారును సాయంత్రం పూట నాటి వెంటనే తడి ఇవ్వండి. ఎరువులు భూసార పరీక్షను బట్టి వేసుకోవాలి. పరీక్ష చేయించకపోతే, ఎకరాకు 10 టన్నుల పశువుల ఎరువుతో పాటు ఆఖరి దుక్కిలో సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ నాలుగున్నర బస్తాలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఒక బస్తా, యూరియా 40 కిలోలు చాలు. మరో 40 కిలోల యూరియా నాటిన 45 రోజులకు వేసి మొక్కలకు మట్టి ఎగదోయాలి. యూరియా ఇంతకంటే పెంచితే ఆకు పెరుగుతుంది, పువ్వు వెనకబడుతుంది.

తలలు తుంచే విషయంలో తొందరపడకండి. నాటిన నెలకు చిగురు తుంచితే పక్క కొమ్మలు ఎక్కువగా వచ్చి మొత్తం పూలు పెరుగుతాయి, నిజమే. కానీ తొలి పూత వారం, పది రోజులు వెనక్కి పోతుంది. నారు 90 రోజుల ముందు పోసినవాళ్లు తుంచవచ్చు. ఇప్పటికే ఆలస్యమైన తోటలో మాత్రం తుంచవద్దు, దసరా పోతుంది.

వాన ఆగి ఎండ కాసినప్పుడు ఆకుల వెనక ఎర్రనల్లి చేరుతుంది. ఆకు దుమ్ము పట్టినట్లు కనిపిస్తుంది. లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం చల్లటి వేళ పిచికారీ చేయాలి. ఆకుమచ్చకు లీటరుకు 2.5 గ్రాముల మాంకోజెబ్ పనిచేస్తుంది. కోతలు మొదలయ్యాక మందులు వీలైనంత తగ్గించండి. ఈ పువ్వును ఆడవాళ్లు, పిల్లలు చేతులతో గుచ్చుతారు, బతుకమ్మలో పేరుస్తారు.

కోతకు ముందు రోజు తడి ఇచ్చి, పొద్దున్నే మంచు ఆరాక కోయండి. మూడు రోజులకోసారి కోస్తే కొత్త మొగ్గలు ఆగకుండా వస్తాయి. ధర లేదని పూలు చెట్టున వదిలేస్తే గింజ పట్టి పూత తగ్గిపోతుంది, కాబట్టి దీపావళి వరకు తోట నిలవాలంటే ఎండిన పూలు తుంచి పారేయాల్సిందే. అన్నీ బాగుంటే ముద్దబంతిలో ఎకరాకు 4 నుంచి 6 టన్నుల వరకు దిగుబడి వస్తుంది.

నాటు రకం వేసినవాళ్లు వచ్చే ఏటి విత్తనం కోసం తోట మధ్యలో పది మంచి చెట్లకు గుడ్డ పీలికలు కట్టి, వాటి పూలు కోయకుండా ఉంచండి. పువ్వు కాడతో సహా గోధుమ రంగుకు వచ్చాక కోసి నీడన ఆరబెట్టి, నల్ల గింజలు ఏరి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి రకం పేరు, తేదీ రాసి పెట్టుకోండి.