యొకొయామా తైకాన్: కలకత్తా మజిలీ
జపాన్ చిత్రకారుడు యొకొయామా తైకాన్ (1868–1958) 1903లో మిత్రుడు హిషిదా షున్సోతో కలిసి, కలకత్తాలో, ఠాగూర్ల ఆదరణలో కొన్ని నెలలు చిత్రాలు వేశాడు. దీన్ని ఆయన జీవితంలో చిన్న ఘట్టమనుకోవడం సరికాదు. తడి కుంచెతో రంగును పలచన చేసే ఆయన పద్ధతిని గమనించిన అవనీంద్రనాథ్ ఠాగూర్ ఏకంగా కాగితాన్నే నీటిలో ముంచి, బెంగాల్ శైలికి గుర్తుగా నిలిచిన వాష్ పద్ధతిని రూపొందించాడు. అవనీంద్రుడు అంతకుముందే ఐరోపా గురువుల వద్ద నీటిరంగులు నేర్చాడు కదా, ఇందులో జపాన్ వాటా ఎంత అని అడగవచ్చు. నీటిరంగుల నేర్పు పాతదే. గీతను మంచుతెరలో కరిగించే చూపు మాత్రం తైకాన్ సాంగత్యం ఇచ్చినదే అనడం న్యాయం. స్వదేశంలో ఎగతాళికి గురైన ఆ మసక శైలికి ఇక్కడ గౌరవం దక్కింది. తైకాన్ కూడా ఉత్తచేతులతో వెళ్లలేదు: 1909లో గంగలో దీపాలు వదిలే భారతీయ స్త్రీలను చిత్రించాడు. బెంగాల్ శైలి తర్వాత ప్రమోదకుమార్ చటర్జీ ద్వారా మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలకు, అడివి బాపిరాజు కుంచెకు చేరింది.