ఏటా మట్టి మెత్తితేనే నిలిచే చర్చి

హెరిటేజ్ కట్టడం అనగానే మనకి తాజ్‌మహలో, గోల్కొండో గుర్తొస్తుంది. పెద్ద పెద్ద రాళ్ళు, కట్టించిన రాజుగారి పేరు. అమెరికాలో, న్యూమెక్సికో రాష్ట్రంలో, రాంచోస్ డి టావోస్ అనే పల్లెలో ఒక క్యాథలిక్ చర్చి ఉంది. పేరు శాన్ ఫ్రాన్సిస్కో డి అసీస్. దానికి రాజూ లేడు, పాలరాయీ లేదు. అంతా ఎండబెట్టిన పచ్చి ఇటుకలు, పైన మట్టి పూత. అయినా 1970లో నేషనల్ హిస్టారిక్ లాండ్‌మార్క్ గుర్తింపు వచ్చింది.

ఇది 1815 ప్రాంతంలో పూర్తయింది. అప్పటికి ఆ నేల స్పెయిన్ ఏలుబడిలో ఉంది. ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మతం, ఊరివాళ్ళ చేతిపని కలిస్తే ఈ చర్చి. సిలువ ఆకారపు ప్లాను, ముందు రెండు గంట గోపురాలు, లోపల కప్పుని మోసే చెక్క దూలాలు. మన సీమ మిద్దెలు చూసినవాళ్ళకి ఇదేం కొత్తగా అనిపించదు.

తమాషా ఏంటంటే, దీని ముఖం కంటే వీపే ఎక్కువ ఫేమస్. గోడలు బయటికి ఒరిగిపోకుండా వెనక ఆనించిన లావుపాటి మట్టి దిమ్మల్ని 1930 ప్రాంతంలో జార్జియా ఓకీఫ్ బొమ్మలు గీసింది, ఆన్సెల్ ఆడమ్స్ ఫొటోలు తీశాడు. వాళ్ళకి శిల్పంలా కనపడిన ఆ దిమ్మలు ఊరివాళ్ళకి మాత్రం గోడ పడకుండా చేసుకున్న ఏర్పాటు, అంతే.

ఇక అసలు కథ. మట్టి పూత వానకి కరుగుతుంది, ఏటేటా మళ్ళీ మెత్తాలి. ఈ చాకిరీ తప్పించుకుందామని 1967లో గట్టి సిమెంటు పూత వేశారు. మనమున్నా అదే చేసేవాళ్ళం కదా! కానీ సిమెంటుకి పగుళ్ళొచ్చాయి, వాటిల్లోంచి నీళ్ళు దిగాయి. మట్టి పూతైతే ఆ తడి ఆవిరైపోయేది. సిమెంటు దాన్ని బయటికి పోనివ్వలేదు. లోపల ఇటుక మెత్తబడిపోతున్నా పైకి మాత్రం గోడ నిక్షేపంగా కనపడేది. మన భాషలో చెప్పాలంటే, ఎర్రర్‌ని మింగేసి అంతా ఓకే అని చూపించే కోడ్ లాంటిది. చివరికి 1979లో సిమెంటంతా ఒలిచేసి మళ్ళీ మట్టికే వచ్చారు.

అప్పట్నుంచి ప్రతి జూన్‌లో ఊరివాళ్ళు కలిసి మట్టి, ఇసుక, గడ్డి కలిపి గోడలు మెత్తుతారు. అంటే ఈ రోజు మనం చూసే పై పూత వయసు ఏడాదో, అంతకంటే తక్కువో. మరి ఇందులో పాతదేంటి? నన్నడిగితే, ఆ పని. ఏ పాళ్ళలో కలపాలి, ఎంత మందం వెయ్యాలి అన్నది చేతి నుంచి చేతికి రావాల్సిందే. ఒక తరం ఉద్యోగాలకని ఊరొదిలేసి తిరిగి రాకపోతే, గుర్తింపు పత్రం ఉన్నా గోడ ఉండదు.

మన దగ్గర సున్నంతో కట్టిన పాత గుళ్ళకీ, మసీదులకీ, చర్చిలకీ సిమెంటు పూసి, పైన ఎనామెల్ పెయింటు కొట్టి, జీర్ణోద్ధరణ అని శిలాఫలకం పెట్టేస్తాం. చందా అడిగితే ఎన్నారైలం కూడా సంతోషంగా ఇస్తాం. ఈసారి ఇచ్చేముందు ఒక్క ప్రశ్న అడుగుదాం: సిమెంటు దేనికి, సున్నం పని తెలిసిన మేస్త్రి మన చుట్టుపక్కల ఇంకా ఎవరైనా ఉన్నారా? ఉంటే ఆ చందా ఆయన కూలికి, ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రాడి కూలికి పోవాలి. శిలాఫలకం సంగతి తర్వాత చూసుకోవచ్చు.