పట్నమా, పట్నం పక్కనా?

నల్గొండ వైపు గాని, పాలమూరు వైపు గాని "మావోడు పట్నంల ఉంటుండు" అన్నారంటే, ఏ పట్నమని ఎవరూ అడగరు. పట్నమంటే హైదరాబాదే. లోకంలో ఇంకెన్ని పట్నాలున్నా ఈ రెండు జిల్లాలవాళ్ల లెక్కలోకి రావు. రెండు జిల్లా కేంద్రాలూ హైదరాబాదుకి ఇంచుమించు వందేసి కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. పొద్దున్నే బస్సెక్కితే పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరవచ్చు. అసలు చిక్కంతా ఆ దగ్గరితనంతోనే వచ్చింది. మరీ దూరమైతే ఆశ చంపుకుని ఊరుకునేవాళ్లం కదా!

ఈమధ్య ఏ పేరంటానికి వెళ్లినా ఇదే చర్చ. ఉన్న డబ్బుతో పట్నం నడిబొడ్డున రెండు గదుల ఫ్లాటు కొనుక్కోవాలా, లేకపోతే శివార్లలో జామచెట్టూ కరివేపాకు మొక్కా వేసుకునేంత జాగా చూసుకుని ఇల్లు కట్టుకోవాలా? మగవాళ్లు గజం రేటుతో మొదలుపెట్టి గజం రేటుతోనే ముగిస్తారు. కాని ఆ ఇంట్లో నీళ్లు పట్టేదీ, పిల్లల్ని బడికి తయారుచేసేదీ, చీకటి పడ్డాక ఇంకా రాని మనిషి కోసం గుమ్మంలో నిలబడేదీ ఎక్కువగా మనమే. అందుకని ఆ గజాల లెక్క కాసేపు పక్కన పెట్టి, మనకంటే ముందు ఈ ప్రశ్న ఎదుర్కొన్నవాళ్లు ఏం చేశారో చూద్దాం రండి.

మొదట చెప్పుకోవలసిందేమిటంటే, హైదరాబాదే ఒకప్పుడు శివారు. అసలు నగరం గోల్కొండ. కోట గోడల మధ్య జనం కిక్కిరిసిపోయి, నీళ్లకు కటకట పడుతుంటే, 1578లో మూసీ మీద వంతెన వెలిసింది. ఇవాళ మనం పురానాపూల్ అంటున్నది దాన్నే. తర్వాత 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా నదికి ఇవతల చార్మినారు కట్టించి, దాని చుట్టూ కొత్త ఊరు వేయించాడు. కోటలో కాపురముంటున్న ఏ ఇల్లాలో "నది దాటి అక్కడికా? అంగడి లేదు, చుట్టం లేదు, అక్కడేం కాపురం!" అని ముక్కు విరిచే ఉంటుంది. ఆవిడ మునిమనవరాళ్ల నాటికి గోల్కొండ పాడుబడి, ఆ కొత్త ఊరే నగరమైపోయింది.

రెండువందల ఏళ్లు గడిచాక మళ్లీ అదే కథ. హుస్సేన్ సాగర్ అవతల ఇంగ్లీషు పటాలాలు దిగిన చోటికి 1806లో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాదు అని పేరొచ్చింది. పటాలం వెనక కోమట్లు, దర్జీలు, పాలవాళ్లు చేరారు. దండు బజారు కాస్తా ఊరైంది. ఇవాళ సికింద్రాబాదు వాళ్లని "మీది శివారే కదా" అని చూడండి, ఊరుకుంటారేమో!

ఇంకో తమాషా. నిజాం కాలంలో ఏకంగా ఒక జిల్లాకే "శివార్లు" అని పేరు పెట్టారు. అత్రాఫ్ బల్దా జిల్లా అంటే నగరం చుట్టుపక్కల జిల్లా అని అర్థం. బల్దా అంటే నగరం. హైదరాబాదులో మునిసిపాలిటీని ఇప్పటికీ బల్దియా అనేది అందుకే. ఆ అత్రాఫ్ బల్దా నిజాంగారి సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫేఖాస్ భూమి. అంటే శివారు రాబడి దొరగారికి, శివారులో ఉన్నవాళ్లకి మాత్రం వీథిదీపం కూడా లేదు. 1948 తర్వాత అది హైదరాబాదు జిల్లాలో కలిసింది. మళ్లీ 1978 ఆగస్టు 15న నగరాన్ని విడదీసి, చుట్టుపక్కల ప్రాంతాన్ని రంగారెడ్డి జిల్లా చేశారు. పేరు మారింది గాని, నగరాన్ని దండలా చుట్టుకున్న ఆ ఆకారం మారలేదు.

మరి నగరంలో ఉన్నవాళ్లంతా సుఖపడ్డారా అంటే, 1908 సెప్టెంబరు 28 సంగతి గుర్తు చేసుకోవాలి. మూసీ పొంగి ఒక్కరోజులో వేలాది ఇళ్లు కొట్టుకుపోయాయి. చనిపోయినవాళ్లు పదిహేను వేల మంది దాకా ఉంటారని చెబుతారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఇప్పటికీ ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. మూడేళ్లకి ప్లేగు వచ్చింది. అప్పుడు గాని పాలకులకి మెలకువ రాలేదు. 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీలు తీసేసి వెడల్పు రోడ్లు వేశారు, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టారు. విశ్వేశ్వరయ్యగారి సలహాతో 1920 నాటికి ఉస్మాన్ సాగర్, 1927 నాటికి హిమాయత్ సాగర్ తయారయ్యాయి. నది పక్కన ఇల్లుండడం గొప్ప అనుకున్న రోజులు పోయి, మిట్టన ఇల్లుండడం గొప్ప అయింది.

ఇక మన జిల్లాల మాట. పాలమూరుకి 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేర మహబూబ్‌నగర్ అని పేరొచ్చింది. అటుకేసి గద్వాల దాకా మీటరుగేజి రైలు 1916లో నడిచింది. భువనగిరికి 1880ల నాటికే రైలుంది గాని, నల్గొండ పట్టణం మాత్రం 1980ల దాకా రైలు కోసం ఎదురుచూసింది. 1932లో నిజాం రైల్వేవారు ఇరవైయేడు బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. రైలూ బస్సూ వచ్చాక పట్నం అనేది కచేరీ పనికో, ఆస్పత్రికో పోయివచ్చే చోటు కాకుండా, పిల్లల్ని చదివించే చోటైంది. వనపర్తి సంస్థానంలో పుట్టి పట్నంలో కొత్వాలు దాకా ఎదిగిన రాజా బహదూర్ వెంకట్రామారెడ్డిగారు 1918లో రెడ్డి హాస్టలు పెట్టించారు. అదే పాలమూరు గడ్డ మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో పట్నంలో గోలకొండ పత్రిక స్థాపించారు. ఆడపిల్లల కోసం 1924లో నాంపల్లిలో కాలేజీ, 1928లో మాడపాటి హనుమంతరావుగారి తెలుగు బాలికల పాఠశాల వచ్చాయి.

నాకు ఇక్కడ ఆరుట్ల కమలాదేవిగారు గుర్తొస్తారు. నల్గొండ పల్లెటూరి పిల్ల, చిన్ననాడే పెళ్లయింది. హైదరాబాదు వచ్చి చదువుకున్నారు. చదువయ్యాక పట్నంలో హాయిగా ఉండిపోవచ్చు. ఉండలేదు. ఊరికి తిరిగి వెళ్లి, రైతాంగ పోరాటంలో నిలబడ్డారు. 1952లో ఆలేరు నుంచి అసెంబ్లీకి ఎన్నికై మళ్లీ పట్నం వచ్చారు, ఈసారి ఊరి తరఫున మాట్లాడడానికి. పట్నం వెళ్లడమంటే ఊరిని వదులుకోవడమే కానక్కరలేదని ఆవిడ బతుకే చెబుతుంది.

ఆ పోరాటం రోజుల్లోనే, 1946 నుంచి 1951 దాకా, ఎవరెక్కడ ఉండాలన్నది భయం నిర్ణయించింది. నల్గొండ దేశముఖులు చాలామంది గడీలకు తాళాలు వేసి పట్నం చేరారు. రజాకార్ల దాడులకు తట్టుకోలేని మామూలు కుటుంబాలు బెజవాడ వైపు సరిహద్దు దాటి శిబిరాల్లో తలదాచుకున్నాయి. మూటాముల్లే కట్టిన ఆ ఆడవాళ్లని "పట్నమా, శివారా?" అని ఎవరూ అడగలేదు. మనం కాఫీ తాగుతూ ఈ చర్చ చేసుకోగలుగుతున్నామంటే అదీ ఒక అదృష్టమే.

తర్వాతి తరం వచ్చింది. ఉద్యోగాలకీ చదువులకీ నల్గొండ నుంచి వచ్చినవాళ్లు దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, వనస్థలిపురం పట్టుకున్నారు. పాలమూరు వాళ్లు శంషాబాదు రోడ్డు వైపు, రాజేంద్రనగర్ చుట్టుపక్కల చేరారు. ఎందుకంటారు? ఊరి బస్సు పట్నంలోకి అడుగుపెట్టేది అటునుంచే కాబట్టి. బియ్యం బస్తా, పచ్చడి జాడీ, ఆస్పత్రిలో చూపించుకోవడానికి వచ్చిన పెద్దమ్మ, అందరూ ఆ రోడ్డునే దిగుతారు. పట్నంలో ఇల్లున్న నల్గొండ ఇల్లాలికి వంటింట్లో ఎప్పుడూ ఇద్దరికి ఎక్కువే ఉడుకుతుంది. మ్యాపు చూసి స్థలం కొన్నామని మగవాళ్లు అంటారు గాని, నన్నడిగితే చుట్టరికమే ఆ కాలనీల ప్లాను గీసింది.

ఇదంతా ఎన్నుకునే వీలున్నవాళ్ల కథ. వీలు లేనివాళ్ల కథ కూడా ఉంది. పాలమూరు కూలీలంటే దేశమంతా తెలుసు. ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలవ తవ్వినా మేస్త్రీ వెంట గుంపుగా వెళ్లి నెలల తరబడి పనిచేసేవాళ్లు. పట్నంలో అంతస్తులు లేస్తుంటే ఇసుక తట్ట మోసినదీ వాళ్లే. కడుతున్నంత కాలం ఆ ఇంటి ముందే రేకుల గుడిసెలో కాపురం. గృహప్రవేశం నాటికి గుడిసె లేచి ఇంకో శివారుకి వెళ్లిపోతుంది. ఆ గుడిసెలో పిల్లలకి బడి ఎక్కడ? 2011 జనాభా లెక్కల్లో హైదరాబాదు అక్షరాస్యత 83 శాతం. మహబూబ్‌నగర్‌ది 55 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నిట్లోకీ తక్కువ. ఆడవాళ్లలో అయితే నూటికి నలభైఅయిదు మందే. మధ్య దూరం వంద కిలోమీటర్లు!

నీళ్ల సంగతి ఇంకా విడ్డూరం. నల్గొండ పల్లెల్లో ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిపోయాయి. పటికా సున్నం వేసి ఆ నీటిని తేర్చే పద్ధతికి 1970లలో నాగపూరు శాస్త్రజ్ఞులు "నల్గొండ పద్ధతి" అనే పేరు పెట్టారు. ఏ ఊరికైనా ఇలాంటి కీర్తి ఎందుకు? ఆ జిల్లాలోనే ఉన్న నాగార్జున సాగర్ నుంచి కృష్ణ నీళ్లు గొట్టాల్లో ఎక్కి 2004లో హైదరాబాదు నల్లాల్లోకి వచ్చాయి. పట్నం ఆ నీళ్లు వాడుకుని, మురుగుని మూసీలో వదులుతుంది. మూసీ ఎక్కడికి పోతుంది? తూర్పుగా నల్గొండ పొలాల మీదుగా పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఇచ్చింది మంచినీళ్లు, పుచ్చుకున్నది మురుగు. పట్నంలో ఉన్నా, పక్కన ఉన్నా, ఈ లెక్క నుంచి ఎవరమూ తప్పించుకోలేం.

ఇక ఇప్పటి శివార్లు ఎంత దూరం పాకాయో చూడండి. 2007లో ఎల్బీనగర్, రాజేంద్రనగర్ వంటి పన్నెండు మునిసిపాలిటీలు మహానగరంలో కలిశాయి. 2008లో శంషాబాదులో విమానాశ్రయం తెరిచారు. 2018లో ఎల్బీనగర్‌కి మెట్రో వచ్చింది. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు పాలమూరు వారి షాద్‌నగర్ రంగారెడ్డి జిల్లాకి పోయింది. దివాను మహారాజా కిషన్ పర్షాద్ "షాద్" అనే కలంపేరుతో కవిత్వం రాసేవారు, ఆ పేరే ఆ ఊరిది. నల్గొండ వారి భువనగిరి, చౌటుప్పల్ వేరే జిల్లా అయ్యాయి. అవతలివాళ్లు ఇల్లు కదలకుండానే శివారు మనుషులైపోయారన్నమాట! వేరుశనగ చేలో రంగు రాళ్లు పాతి, తోరణం కట్టి, పట్నానికి గంటే ప్రయాణమని పిలుస్తున్నారు. ఆ గంట ఏ గంటో, అర్ధరాత్రి రెండు గంటలకి కారులో వెళ్లి చూశారేమో వాళ్లనే అడగాలి.

శివారైతే భద్రమని కూడా అనుకోవద్దు. 2020 అక్టోబరు 13న కురిసిన వానకి ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో ముప్ఫయి సెంటీమీటర్లు దాటింది. సరూర్‌నగర్, మీర్‌పేట వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 1908లో నది తన దారిన వచ్చింది. 2020లో చెరువులు తమ చోటు వెతుక్కుంటూ వచ్చాయి. కట్ట ఎక్కడ, అలుగు ఎక్కడ, కాలవ ఏ దారిన పోయేదో ఆ ఊరి ముసలమ్మని అడిగితే చెబుతుంది. బ్రోకరు చెప్పడు.

పట్నమూ వద్దు, శివారూ వద్దు అన్న ఊరు కూడా ఒకటుంది. 1951లో వినోబాగారి భూదానం మొదలైన పోచంపల్లి. అక్కడి నేతగాళ్లు మగ్గం దగ్గరే కూర్చున్నారు. పట్నమే చీరల కోసం వాళ్ల గుమ్మంలోకి నడిచి వచ్చింది. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ దాన్ని మేలైన గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. చేతిలో విద్య ఉంటే నివాసం మన షరతుల మీద సాగుతుందని అనుకోవచ్చా? కొంతవరకే. అన్ని ఊళ్లకీ ఆ చెయ్యి తిరిగిన పని లేదు.

ఇన్ని తరాల కథలోనూ నాకు కనిపించింది ఒక్కటే. మనుషులు గాలి కోసమో, తోట కోసమో ఇల్లు మారింది తక్కువ. నీళ్లకి మారారు, చదువుకి మారారు, భయానికి మారారు. కనక మీరు ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు గజం రేటు మీవారు అడుగుతారు, అడగనివ్వండి. మీరు మాత్రం మూడు సంగతులు కనుక్కోండి. వేసవిలో నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి? ఆడపిల్ల సాయంత్రం ఏడింటికి కాలేజీ నుంచి ఒంటరిగా ఇల్లు చేరడానికి బస్సుందా? వానాకాలంలో ఈ వీథి నీళ్లు ఎటు పోతాయి? ఈ మూడింటికీ జవాబు సరిగ్గా దొరికితే అది పట్నమైనా ఒకటే, పక్కనైనా ఒకటే. దొరక్కపోతే, ముందువైపు ఎంత పూలతోట ఉన్నా, నీళ్ల ట్యాంకరు కోసం బిందె పట్టుకుని నిలబడేది ఎవరో నేను వేరే చెప్పాలా?